రొట్టెల ఖాతా

నానులి పేరు మొదట పెన్సిలుతో రాశాను,
చెరిపెయ్యాల్సి వస్తుందేమోనని.
తొంభై ఆరు, ఫిబ్రవరి.
కరెంటు రోజుకి రెండు గంటలు.
మాంగనీసు గని మూతపడ్డాక
తీగల మీద నడిచే పెట్టెలు
లోయ మధ్యలో ఎక్కడివక్కడ ఆగి ఊగేవి.

కొట్టు తలుపు మీద 'అరువు రేపు' అని రాసి ఉంది.
చదివింది. "అయితే రేపొస్తా" నంది.
అన్నట్టే వచ్చింది.
పదకొండు మందికి పదకొండు రొట్టెలు పట్టుకుపోయింది.

చలికి కెమెరా బ్యాటరీలు చచ్చిపోతాయట.
వాటిని నా మట్టిపొయ్యి పక్కన
అప్పుడే పుట్టిన మేకపిల్లల్లా వరసగా పడుకోబెట్టింది.
రీళ్ళేమో పిండి సంచుల మధ్య దాచింది.
ఆ నెల ఎవరి రొట్టెలోనైనా సినిమా వాసన వచ్చుంటే
నా పూచీ లేదు.

సరస్సు పక్కన ఏదో పరాయి ఊళ్ళో
ఆ సినిమాకి బహుమతి వచ్చింది.
'పలచటి గుడ్డలో వడగట్టినట్టున్న ఆ వెలుగు
ఈ దర్శకురాలి చూపులోనే ఉంది' అని
పత్రికలో రాశారు.
అది లెన్సు మీద పడ్డ నా పిండి.
నానులి పెదవుల మీద వేలు పెట్టుకుంది.
ఇరవై ఏడేళ్ళు నోరు మెదపలేదు నేను.

గాజుపిట్ట ఒకటి ఇచ్చారు, కొంత డబ్బూ ఇచ్చారు.
డబ్బు ల్యాబువాడు తిన్నాడు,
త్బిలిసిలో కెమెరా అద్దెకిచ్చినవాడు తిన్నాడు.
నాకు సగం ముట్టింది.
మిగతా సగానికి పేజీ మూల మడిచాను.
సినిమా చివర పేర్లు పోతుంటే
అన్నిటికంటే కింద, 'రొట్టె: ఎల్గూజా'.
చదివేలోపు వెళ్ళిపోయింది.

రెండో సినిమాకి ఎనిమిదేళ్ళు.
ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది.
ఒక తుపాకీ పెట్టమన్నారు, ఒక పెళ్ళైనా పెట్టమన్నారు.
పెట్టలేదు.
కడుపు కోసం మాత్రం పెళ్ళిళ్ళే తీసింది, జున్ను ప్రకటనలు తీసింది.
ఒకచోట పెళ్ళికూతురు తల్లి ఏడుస్తుంటే
కెమెరా వంటింట్లోకి పోయి
గిన్నెలు తోముతున్న పిల్ల చేతుల దగ్గర ఆగిపోయిందట.
ఆ పెళ్ళివాళ్ళు పైసా ఇవ్వలేదు.
ఆ వారం నాలుగు రొట్టెలు. ఖాతాలో ఉన్నాయి.

తీగల పెట్టెలు నడిపే ఆడవాళ్ళ మీద తీసిందా సినిమా.
మా ఊరి హాల్లో వేస్తే పంతొమ్మిది మంది,
అందులో నలుగురు చలిమంట కోసం వచ్చినవాళ్ళు.
ముప్ఫయ్యేళ్ళు మీట నొక్కిన జుజునా
లేవబోతూ ముందు కుర్చీ పట్టుకుని అంది:
"నా మోకాళ్ళు ఎట్లా తీశావే పిల్లా?"
నానులి ముఖంలో అంత గర్వం
గాజుపిట్ట రోజున కూడా చూడలేదు.

మూడోదాంట్లో నన్ను పిండి కలపమంది.
పిండికి రెండో టేకు తెలీదమ్మా అన్నాను.
పద్నాలుగు తీసింది.
పదమూడోసారి ఎందుకో నా చేతులు ఆగాయి.
ఏం గుర్తొచ్చిందని అడగలేదు.
అదే ఉంచింది.
పులిసిపోయిన ఆ పిండే కాల్చుకుని అందరం తిన్నాం.

మొన్న పెద్ద బహుమతి వచ్చింది.
టీవీవాళ్ళొచ్చి గొప్ప దర్శకురాలి గురించి చెప్పమన్నారు.
ఖాతా చూపించాను.
వాళ్ళు పొయ్యిని తప్పు వైపు నుంచి తీసుకుని పోయారు.

అక్టోబరులో తనే వచ్చింది.
జుట్టంతా నెరిసింది,
వెనకాల ఒక కుర్రాడు ట్రైపాడు మోస్తూ.
నోట్లు బల్ల మీద పెట్టింది.
ఎంచాను. సరిగ్గా ఉన్నాయి.
"ఇంకా పదకొండు రొట్టెలు బాకీ" అన్నాను.

లెక్కల్లో ఆమెని మోసం చెయ్యడం
నిర్మాతల వల్లే కాలేదు.
ఖాతా తిప్పి చూసింది, నన్ను చూసింది,
నా చెవి వెనక పెన్సిలు లాక్కుని
కొత్త పేజీ మీద కొత్త సినిమా పేరు రాసింది.

"ఎంతమంది?"
"పద్నాలుగు. ఒకమ్మాయి గోధుమ తినదు."

మొక్కజొన్న రొట్టె చేస్తాలే అన్నాను.
పెన్సిలు మొద్దుబారింది,
చెక్కడానికి చాకు వెతుక్కున్నాను.